కర్ఫ్యూలో కప్పిన నిప్పు

సంపాదక మహాశయులకు,

నగరంలో పరిస్థితి నివురుగప్పిన నిప్పులా ఉన్నందున కర్ఫ్యూను మరో రెండు రోజులు పొడిగించారని ఈ మధ్య మీ పత్రికలో చదివాను. రాసినవారు ఎరిగి చేశారో లేదో గాని, ఆ వాక్యంలో ఒకే మాట రెండు భాషల్లో పడింది. కర్ఫ్యూ అంటే అక్షరాలా ‘నిప్పును కప్పు’ అని అర్థం.

ఇంగ్లీషువారు దీన్ని పాత ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు. మొదటి సగానికి అర్థం ‘కప్పు’, రెండో సగానికి అర్థం ‘నిప్పు’. మన జేబులోని కర్చీఫు కూడా దీనికి తోబుట్టువే. అది ‘తలను కప్పేది’ అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చి, క్రమంగా తల మీది నుంచి చేతిలోకి దిగింది.

మధ్యయుగాల యూరపు పట్టణాల్లో ఇళ్లు చాలావరకు కొయ్యవి, గడ్డి కప్పినవి కావడంతో ఒక్క నిప్పురవ్వ వీధి వీధినంతా బూడిద చేయగలిగేది. అందుకే రాత్రి, చాలాచోట్ల 8 గంటలకు, గంట మోగగానే పొయ్యి ఆర్పడమో, నిప్పు మీద బూడిద కప్పడమో చేయాలి. ఇందుకోసం వాడిన లోహపు మూతకూ ఫ్రెంచిలో అదే పేరు. ఆ గంటే కాలక్రమంలో జనం వీధులు విడిచి ఇళ్లు చేరాలన్న హెచ్చరిక కావడంతో, మాటలోంచి నిప్పు జారిపోయి నిర్బంధం మిగిలింది. ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చ్ కళాశాల గంట నేటికీ రాత్రి 9.05కు 101 సార్లు మోగుతుంది. ఒకప్పుడు విద్యార్థులకు అదే కర్ఫ్యూ. ఇలా రాత్రి కోసం పుట్టిన మాట, 2020 మార్చి 22న మన జనతా కర్ఫ్యూ నాటికి ఉదయం 7 గంటలకే మొదలైంది.

మా అమ్మమ్మ రాత్రి వంట ముగిశాక కణకణలాడే పిడకల మీద బూడిద సర్ది, తెల్లవారి దాన్ని పుల్లతో తొలగించి ఊదుగొట్టంతో రాజేసేది. ఆమె చేసింది అచ్చంగా ఫ్రెంచివారి కర్ఫ్యూయే. అయితే కప్పిన నిప్పు వారికి భద్రత. మన నుడికారంలో మాత్రం అది పొంచి ఉన్న ప్రమాదం. అందువల్ల మీ విలేఖరి వాక్యాన్ని నేను తప్పుపట్టను.

ఆ వార్త పక్కనే, 1066లో ఇంగ్లండును జయించిన విలియం రాజు శాసనంతోనే కర్ఫ్యూ పుట్టిందని నిశ్చయంగా రాసిన మాటను మాత్రం సవరించాలి. అది వాడుకలో ఉన్న కథే గాని, దానికి ఆ కాలపు ఆధారం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి