డయల్ మీద పేరు కాదు, లోపలి మిషన్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

చావి ఇచ్చే పాత వాచీలకు ఈ మధ్య మళ్లీ గిరాకీ వచ్చింది. మా హనుమకొండ, కాజీపేట పిల్లలు కూడా ఫోన్‌లో చూసి తెప్పించుకుంటున్నారు, సంతోషమే. కానీ డయల్ మీద పేరు చూసి పైసలు కట్టేస్తున్నారు, అదే నా బాధ. మా చుట్టాలబ్బాయి స్విస్ వాచీ అని ఒకటి కొన్నాడు. వాచీలు బాగుచేసే మేస్త్రీ వెనక మూత తీస్తే లోపల హెచ్‌ఎంటీ మిషన్ ఉంది. మిషన్ మంచిదే, కాకపోతే వాడు కట్టిన ధర దానికి కాదు కదా!

డయల్‌కు కొత్తగా రంగేసి ఏ పేరైనా అచ్చు వేయొచ్చు. మిషన్ మీద చెక్కిన గుర్తును అంత సులువుగా మార్చలేరు. మూత తీయగానే అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం కనిపిస్తుంది. చాలా స్విస్ మిషన్లలో దాని కిందనో పక్కనో చిన్న ముద్ర, నంబరు ఉంటాయి. ఈటీఏ, ఏఎస్, ఎఫ్‌హెచ్‌ఎఫ్ లాంటివి ఆ మిషన్ తయారుచేసిన వాళ్ల గుర్తులు. చాలా స్విస్ కంపెనీలు మిషన్ వీళ్ల దగ్గరే కొని తమ పేరు వేసుకునేవి, కాబట్టి లోపల వేరే గుర్తు ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. డయల్ మీద పేరున్న కంపెనీ ఆ మిషన్ వాడేదా లేదా అన్నదే అడగాలి. నంబరు దొరక్కపోతే మేస్త్రీలు డయల్ విప్పి, చావి గుండీ దగ్గరుండే సన్న స్ప్రింగ్ ఆకారం చూసి పోల్చుకుంటారు. మిషన్ వెడల్పు కూడా కొలుస్తారు. ఆ లెక్క లీన్‌లలో ఉంటుంది, ఒక లీన్ అంటే సుమారు 2.26 మిల్లీమీటర్లు.

హెచ్‌ఎంటీ సంగతి మనవాళ్లకు ముఖ్యం, ఎందుకంటే పెళ్లిలో అల్లుడికి పెట్టిన వాచీ చాలా ఇళ్లలో అదే. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో ఈ వాచీలు చేయడం మొదలుపెట్టారు, 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్రం ఒప్పుకుంది. జనతా, పైలట్ లాంటి చావి వాచీల్లో 17 జ్యువెల్స్ మిషన్, కాంచన్ లాంటి ఆటోమేటిక్‌లలో, అంటే చేయి కదలికతో తమంతట తామే చావి తిరిగే వాచీల్లో, 21 జ్యువెల్స్ మిషన్. ఇప్పుడు కంపెనీ ఎన్నడూ వేయని రంగులతో, వంకర అక్షరాలతో హెచ్‌ఎంటీ డయల్స్ తెగ అమ్ముతున్నారు. నిమిషాల గీతలు సమానంగా లేకపోయినా, అక్షరాల సిరా మందంగా ఉన్నా అనుమానించండి.

జ్యువెల్స్ అనగానే లోపల రత్నాలున్నాయని ఆశపడేవాళ్లు ఇంకా ఉన్నారు. అవి ఫ్యాక్టరీలో చేసిన కెంపులు, అమ్మితే ఏమీ రాదు. చక్రాల ఇరుసులు అరిగిపోకుండా వాటిలో తిరుగుతాయి. 17లో నాలుగు ఒక్క బ్యాలెన్స్ ఇరుసుకే పోతాయి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ పని దానిదే. గంటకు 18,000 కొట్టుకునే మిషన్ అంటే సెకనుకు ఐదు సార్లు, అదీ రాత్రీ పగలూ ఆగకుండా. అందుకే లోపలి నూనె ఎండిపోయిన వాచీని నడుస్తోంది కదా అని అలాగే కట్టుకుంటే ఇరుసులు అరుగుతాయి, తర్వాత ఆ సామాను దొరకదు.

కరీంనగర్, జగిత్యాల వైపు ఇళ్లలో గల్ఫ్ నుంచి తెచ్చిన జపాన్ కంపెనీ సీకో 5 వాచీలు చాలా ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడం ఇంకా తేలిక. వెనక మూత మీద 7009 అనో 6309 అనో నాలుగు అంకెలు, ఒక గీత, మళ్లీ నాలుగు ఉంటాయి. మొదటి నాలుగే మిషన్ నంబరు, లోపల కూడా అదే ఉండాలి. వేరేది ఉంటే రెండు వాచీలు కలిపి ఒకటి చేశారని అర్థం. విడిగా ఉండే సీరియల్ నంబరులో మొదటి అంకె తయారైన సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. ఏ దశాబ్దమో మాత్రం మోడల్ చూసి తేల్చుకోవాలి.

ఇంట్లో కత్తితో మూత లేపకండి, బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగ్‌కు కొన తగిలితే వాచీ పని అంతే. మేస్త్రీ దగ్గరికి వెళ్లి మీ ముందే తీయమనండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బాపు వాచీ పాత సామాను వాడికి ఇచ్చేసే ముందైనా ఈ పని చేయండి.

సంపాదకులకు ఒక విన్నపం. మన జిల్లాల్లో ఈ మిషన్లను చూడగానే పేరు చెప్పే మేస్త్రీలు పెద్దవాళ్లైపోయారు. ఎవరి పిల్లలూ ఈ పనిలోకి రావడం లేదు. జిల్లా పేజీలో వారానికి ఒక పాత మిషన్ ఫొటో వేసి, దాని ముద్ర ఎక్కడుందో, ఏ ఏ వాచీల్లో వచ్చిందో వాళ్లతోనే చెప్పించి అచ్చు వేయండి. ఫొటోలకు వాచీలు కావాలంటే నా దగ్గరున్నవి తెచ్చి ఇస్తాను.

— ఒక పాఠకుడు, హనుమకొండ