వాడే చెప్తాడు, కాస్త ఆగండి

చిన్నీ,

ఎదురుగా కూర్చోబెట్టి ఈ మాటలు చెబితే రెండో ముక్కకే "అబ్బా, ఇంక ఆపమ్మా" అంటూ లేచి వెళ్ళిపోతావు. అందుకే రాస్తున్నాను.

క్లాసులో జరిగింది నాకు తెలిసింది. నువ్వు చెప్పలేదు, ఆ అబ్బాయి వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పింది. కొత్త టీచర్ అందరి పేర్లూ అడుగుతున్నారట. వాడి వంతు వచ్చేసరికి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడట. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. ఎవరో ఆ అక్షరాన్నే సాగదీసి వెక్కిరించారు. టీచర్ కూడా, పాపం మంచికే అనుకుని, "సరేలే కూర్చో, పక్కవాళ్ళు చెప్తారు" అన్నారట. అప్పుడు నువ్వు లేచి, "వాడే చెప్తాడు టీచర్, కాస్త ఆగండి" అని కూర్చున్నావు. ఆగారు. వాడు చెప్పాడు.

ఆవిడ ఫోన్లో మళ్ళీ మళ్ళీ అన్న మాట ఒకటే: "మీ పాప వాడి పేరు చెప్పలేదండీ. వాడినే చెప్పనిచ్చింది." అప్పుడు అంతగా అర్థం కాలేదు. తర్వాత నత్తి గురించి కూర్చుని చదివాను. నత్తి ఉన్నవాళ్ళలో చాలామందికి అన్నిటికంటే కష్టమైన మాట సొంత పేరేనట. వేరే మాట దగ్గర నోరు పట్టేస్తే చటుక్కున అలాంటి అర్థం వచ్చే ఇంకో మాట వేసి తప్పించుకోవచ్చు. పేరుకు అలాంటి దారి లేదు. పైగా అందరూ అనుకున్నట్టు అది భయం వల్ల పుట్టేది కాదు. మాటను నడిపించే మెదడు పనితీరులో తేడా, కొంత వంశపారంపర్యం. ఎక్కువగా రెండు నుంచి అయిదేళ్ళ మధ్య మొదలవుతుంది, చాలామంది పిల్లల్లో దానంతటదే పోతుంది. పెద్దవాళ్ళలో నూటికి ఒకరికి ఉండిపోతుంది. ఇంగ్లండును ఏలిన ఆరో జార్జి రాజుకూ ఉండేది. విచిత్రం ఏమిటంటే, అలాంటివాళ్ళలో చాలామందికి పాట పాడేటప్పుడు మాత్రం నత్తి రాదు.

"కంగారుపడకు, నెమ్మదిగా చెప్పు" అనడం, సగంలో ఆగిన మాటను మనమే పూర్తి చేసేయడం... మంచివాళ్ళు చేసే సాయం సాధారణంగా ఇదే. దానివల్ల వాళ్ళకు ఒరిగేదేమీ లేదట. వాళ్ళకు కావలసింది వినేవాడి ఓపిక. నువ్వు ఇవేవీ చదవలేదని నాకు తెలుసు. వాడి పక్క వరసలో కూర్చుని, వాణ్ణి గమనించి, నీ అంతట నువ్వే తెలుసుకున్నావు. నాకు గర్వంగా ఉన్నది ముందు అందుకు.

ధైర్యం సంగతి తర్వాత. వెక్కిరించినవాళ్ళ మీద అరవడం నీకు పెద్ద పని కాదు. ఇంట్లో తమ్ముడి మీద నీ గొంతు ఎంత లేస్తుందో రోజూ వింటూనే ఉన్నాను! కానీ నువ్వు వాళ్ళ జోలికి వెళ్ళలేదు. వాడి తరఫున ఉపన్యాసమూ ఇవ్వలేదు. మొదటి రోజు, ముక్కూ మొహం తెలియని టీచర్‌ను, నిండు క్లాసులో, మర్యాద తప్పకుండా "ఆగండి" అన్నావు. పెద్దవాళ్ళం మేమే ఆఫీసుల్లో ఆ మాట అనలేక తలలు వంచుకుంటాం.

కెనడాలో కొందరు పరిశోధకులు బడి ఆటస్థలాల్లో పిల్లలు పిల్లల్ని ఏడిపించడాన్ని వీడియో తీసి చూశారు. 2001లో ఆ వివరాలు అచ్చయ్యాయి. పదింట దాదాపు తొమ్మిదిసార్లు చుట్టూ వేరే పిల్లలున్నారు. వాళ్ళు కలగజేసుకున్నది 19 శాతం సార్లే. అయితే కలగజేసుకున్నప్పుడు సగానికి పైగా సందర్భాల్లో ఆ ఏడిపించడం పది సెకన్లలోపే ఆగిపోయింది. పది సెకన్లు! నీ మాటకు అంతకూడా పట్టి ఉండదు.

ఆ తర్వాత సంగతి కూడా ఆవిడే చెప్పింది, తన కొడుకు చెప్పాడట. నీ జట్టు అమ్మాయిలు కొందరు నిన్ను పక్కన పెట్టారనీ, వాడితో కలిపి ఏవో పేర్లు పెట్టారనీ. ఈమధ్య నువ్వు ఇంటికి రాగానే గదిలోకి వెళ్ళిపోతుంటే పరీక్షల బెంగ అనుకున్నాను. అది విన్నప్పుడు గర్వం కాదు, కోపం వచ్చింది. వాళ్ళ ఇళ్ళకు ఫోన్ చేద్దామా అన్నాను మీ నాన్నతో. "దాన్ని అడగకుండా చేయకు" అన్నారు. సరే, అడుగుతున్నాను. చేయమంటావా, వద్దా? వద్దంటే చేయను. కానీ ఆ మాటలు శృతి మించితే మాత్రం నాకు చెప్పాలి. ఒప్పందం.

ఇంకొకటి. ఇంతా రాశానని ఇకపై ప్రతిచోటా నువ్వే లేవాలని అనుకోకు. ఒంట్లో బాగోని రోజులుంటాయి, నోరు పెగలని రోజులుంటాయి. ఎదుటివాడు చేయి చేసుకునే రకమైతే నువ్వు ఎదురు వెళ్ళవద్దు, పరుగెత్తి ఒక పెద్దవాళ్ళను పిలుచుకురా. అదీ సాయమే.

వాళ్ళమ్మ మనల్ని ఒకసారి ఇంటికి రమ్మంది. వాడు చదరంగం బాగా ఆడతాడట. నీకు ఓడిపోవడం ఇష్టం ఉండదు కాబట్టి ముందే చెబుతున్నాను. ఆదివారం వెళ్దామా?

ఈ ఉత్తరం తమ్ముడి కంట పడనివ్వకు. వాడికి రాయలేదని ఇల్లు పీకి పందిరేస్తాడు.

అమ్మ