శ్రావణం చీరల ఆలస్యం, రంగు మార్పులపై మా కొత్త నిబంధన

మా పాత ఖాతాదారులకు నమస్కారం. శ్రావణ శుక్రవారాలకు అందవలసిన పోచంపల్లి పట్టుచీరల్లో కొన్ని ఆలస్యమయ్యాయి, కొన్ని కోరిన రంగులో రాలేదు. కారణమేమిటో మీకు దాచకుండా చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా పని ఒక్కచోట సాగేది కాదు. గ్రాఫు కాగితం మీద డిజైను ఒకరు గీస్తే, దారాన్ని మేకుల మీద చుట్టి ఆసు పోయడం ఒక ఇంట్లో, రంగు అంటకూడని చోట దారానికి రబ్బరు పట్టీలతో చిటికి కట్టి రంగు అద్దడం మరొక ఇంట్లో, నేత కొయ్యలగూడెంలోనో పుట్టపాకలోనో జరుగుతుంది. వీరందరికీ ఆర్డరు ఏ దశలో ఉందో ఒకేసారి తెలియాలని, ఉగాది తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ సంస్థవారి ఆన్‌లైన్ వేదికకు చందా కట్టాము.

ఒక పెళ్లివారు తమ చీరల రంగును ఆకుపచ్చ నుంచి వంగపండుకు మార్చమన్నప్పుడు దుకాణంలోని కంప్యూటరు వంగపండు అని చూపింది, అద్దకంవారి ఫోను ఆకుపచ్చ అనే చూపుతూ ఉండిపోయింది. మా చీరల నేత పద్ధతి అయిన ఇకత్‌లో దారానికి ముందే రంగు వేసి ఆ తర్వాత నేస్తారు. పైగా ఒక పడుగు (మగ్గం మీద నిలువుగా సాగే దారాలు) మీద సాధారణంగా ఏడెనిమిది చీరలు దిగుతాయి గనుక పొరపాటు ఒక్క చీరతో పోదు. ఫిర్యాదు చేస్తే ఆ సాఫ్ట్‌వేర్ సంస్థవారు, "మగ్గంవాళ్లకు యాప్ వాడడం రాదేమో చూసుకోండి" అన్నారు. గ్రాఫులో గడిగడికీ లెక్క కట్టి, నేయకముందే దారం మీద బొమ్మను చూడగల మనిషికి ఫోనులో రెండు మీటలు నొక్కడం రాదట! ఆ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు. చందా రద్దు చేశాక మా ఆర్డర్ల జాబితాను ఇవ్వడానికి వారాల తరబడి తిప్పుకున్నారు. ఆలస్యంలో ఎక్కువ భాగం అక్కడే జరిగింది.

ఇప్పుడు గూగుల్ షీట్స్‌లోకి మారాము. ఏ గడిని ఎవరు ఎప్పుడు మార్చారో అందులో చూసుకోవచ్చు. రంగు చేతులతో ఫోను ముట్టలేరు కాబట్టి, ప్రతి దారపు కట్టకూ ఆర్డరు సంఖ్య, రంగులు పెన్సిలుతో రాసిన అట్టముక్కను కూడా కడుతున్నాము. షీటు, అట్ట ఒకే మాట చెబితేనే దారం రంగులో మునుగుతుంది.

నేను ఎటూ తేల్చుకోలేక నలిగిపోయింది మాత్రం మరొక విషయంలో. చిటికి కట్టడం మొదలైన రోజున ఆ ఆర్డరు వరుసకు షీటులో తాళం పడుతుంది. ఆ తర్వాత రంగు మార్చడం ఎవరికీ కుదరదు. మా నాన్నగారి కాలం నుంచి వస్తున్నవారు ఫోను చేసి అడిగితే కాదనడం మా ఇంట లేదు. పాతవారికి మినహాయింపు ఇద్దామని కూడా ఆలోచించాను. కాని ఒక్కరికి తాళం తీసినా, ఏ ఆర్డరు ఖరారైందో అద్దకంవారు మళ్లీ ఊహించుకోవలసి వస్తుంది. అందుకే ఎవరికీ మినహాయింపు లేదు. దానికి బదులు, చిటికి కట్టకముందే నమూనా రంగు దారాల ఫొటో మీకు వాట్సాప్‌లో పంపుతాము. మీరు సరేనన్నాకే పని మొదలవుతుంది.

రంగు తప్పిన చీరలు వద్దన్నవారికి బయానా పూర్తిగా తిరిగి ఇస్తున్నాము. ఆ చీరలు దుకాణంలోనే ఉన్నాయి, కావలసినవారు వచ్చి చూడవచ్చు. రంగు మారిందే తప్ప నేతలో లోపం లేదు కనుక వాటి ధర మాత్రం తగ్గించము.