అక్బర్ పెట్టిన గుర్తు

హన్మకొండ,
ఆదివారం

అరే దోస్తూ,

"ఎప్పుడో చచ్చిపోయినవాళ్లు ఏ పుస్తకం చదివి ఏమనుకున్నారో తెలిస్తే మనకేం ఒరుగుతదిరా?" అని ఫోన్ పెట్టేశావు చూడు, అప్పట్నుంచి నీకు జవాబు చెప్పాలని నోరు ఊరుకోవట్లేదు. ఫోన్‌లో అయితే ప్రతి మాటకీ అడ్డు తగులుతావు. కాగితం మీద పెడితే చివరిదాకా వినక చస్తావా!

ముందు పెపిస్ సంగతి. శామ్యూల్ పెపిస్ అని లండన్‌లో నౌకాదళం ఆఫీసులో పెద్ద ఉద్యోగి. 1660 నుంచి 1669 దాకా డైరీ రాశాడు, అదీ పక్కవాడికి అర్థం కాకుండా షార్ట్‌హ్యాండ్‌లో. 1662 డిసెంబరులో కొత్తగా వచ్చిన 'హ్యూడిబ్రాస్' అనే వ్యంగ్య కావ్యాన్ని రెండున్నర షిల్లింగులు పెట్టి కొన్నాడు. చదివితే నవ్వు రాలేదు సరికదా, కొన్నందుకు సిగ్గేసింది. ఆ రోజే భోజనాల దగ్గర కలిసిన ఒకాయనకి పద్దెనిమిది పెన్నీలకి అమ్మేశాడు. అప్పట్లో షిల్లింగుకి పన్నెండు పెన్నీలు, అంటే ఒక షిల్లింగు గోవిందా. అక్కడితో పీడ వదిలిందా? ఫిబ్రవరిలో మళ్లీ కొన్నాడు! అందరూ ఆహా ఓహో అంటుంటే మనసాగలేదు. రెండో భాగం వచ్చినప్పుడు మాత్రం ముందు అరువు తెచ్చుకున్నాడు.

ఆ కావ్యం గొప్పదనం మీద వ్యాసాలు ఎన్నైనా దొరుకుతాయి. "అందరికీ నచ్చింది, నాకెందుకు ఎక్కట్లేదు" అనే టెన్షన్ ఎట్లుంటుందో మాత్రం ఈయన డైరీలోనే కనపడుతుంది. నిరుడు ఎగ్జిబిషన్‌లో నువ్వు కొన్న లావుపాటి నవల సంగతి నాకు తెలియదనుకున్నావా? సగం కూడా చదవకుండానే అడిగినోళ్లందరికీ అద్భుతమని చెప్పావు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. చదివినవాళ్లు రాసినవన్నీ ఒక్క తీరున నమ్మలేం. గాంధీగారు 1904లో జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ పోయే రైల్లో రస్కిన్ అనే ఇంగ్లిష్ రచయిత పుస్తకం చదివి, రాత్రంతా నిద్రపోలేదని ఆత్మకథలో రాసుకున్నారు. ఆ ఏడాదే ఫీనిక్స్ ఆశ్రమం మొదలుపెట్టారు కాబట్టి పుస్తకం పట్టి కుదిపేసిన మాట నిజమే. కానీ ఆత్మకథ రాసేనాటికి ఇరవై ఏళ్లు దాటిపోయాయి. ఆ రాత్రే ఒక చీటీ మీద ఏమైనా గీకి ఉంటే ఏముండేదో అని నాకు ఆశ.

అక్బర్ దగ్గరికొద్దాం. నాకు అందరికన్నా నచ్చిన పాఠకుడు ఆయనే. చదవడం రాదనే అంటారు కదా. రోజూ ఒకరు పక్కన కూర్చుని చదివి వినిపించాలి. ఆయన కొలువులో చరిత్ర రాసిన అబుల్ ఫజల్ 'ఐన్-ఎ-అక్బరీ'లో రాశాడు: ఆ రోజు చదవడం ఎక్కడ ఆగిందో, ఆ పేజీలో పాదుషా తన కలంతో స్వయంగా గుర్తు పెట్టేవాడట. ఎన్ని పేజీలు చదివితే అంత లెక్కన చదివినవాళ్లకి బంగారమో వెండో ముట్టేది. ఎంత పకడ్బందీ చూడు! పేజీలు ఎగ్గొట్టి డబ్బులు లాగుదామంటే కుదరదు. అన్ని పుస్తకాలు విన్న మనిషి తన చేత్తో పెట్టింది ఒక గుర్తు. పక్కన అబుల్ ఫజల్ లేకపోతే ఆ గుర్తు ఎందుకో కూడా మనకి తెలిసేది కాదు.

ఇటలీలో ఒక పిండిమర ఆయనకి మాత్రం ఘోరమే జరిగింది. మెనోక్కియో అంటారు, ఫ్రియూలీ ప్రాంతంలో ఒక పల్లె. కొన్ని పుస్తకాలు కొని, కొన్ని అరువు తెచ్చుకుని చదివాడు. వాటిలో వింత దేశాల కబుర్లు చెప్పే మాండవిల్ యాత్రలొకటి. లోకంలో ఇన్ని జాతులు, ఒక్కొక్కరికి ఒక్కో నమ్మకం ఉంటే మనదొక్కటే నిజమెట్లా అవుతుందని ఆయనకి అనుమానం పట్టుకుంది. ఆ అనుమానాన్ని ఊళ్లో అందరి దగ్గరా వాగాడు. పాలు విరిగి జున్ను గడ్డకట్టినట్టు లోకం పుట్టిందనీ, జున్నులో పురుగుల్లాగా అందులోంచి దేవదూతలు వచ్చారనీ చెప్పాడు. 1584లో చర్చివాళ్ల మతవిచారణ కోర్టు పట్టుకుంది. ఏం చదివావు, ఎవరిచ్చారు, అందులో నీకు ఏం అర్థమైంది అని గుచ్చి గుచ్చి అడిగారు. ఆయన చెప్పింది చెప్పినట్టు గుమాస్తా రాసుకున్నాడు. 1599లో రెండోసారి విచారించి చంపేశారు. కార్లో గింజ్‌బర్గ్ అనే చరిత్రకారుడు ఆ కాగితాలు తిరగేసి 1976లో పుస్తకం వేస్తేనే ఈ మనిషి ఒకడున్నాడని లోకానికి తెలిసింది. చదువరి మనసు ఇంత వివరంగా కాగితం మీదకి రావడానికి, ఆ మనసు మీద కోపం పెంచుకున్నవాళ్లే కారణం కావాల్సి వచ్చింది.

మనవాళ్ల సంగతి చూస్తే ఎక్కువ మంది అక్బర్ బాపతే, చెవులతో చదివినవాళ్లు. కాకపోతే పక్కన అబుల్ ఫజల్ లేడు. పోతన ఊరు బమ్మెర మనకి దగ్గరే. పోతన భాగవతాన్ని రచ్చబండ మీద ఒకరు చదువుతుంటే ఎన్ని ఊళ్లు వినలేదు! గజేంద్రమోక్షం దగ్గర ఏ ముసలమ్మ ఏమన్నదో ఒక్క ముక్కా ఎవరూ రాసిపెట్టలేదు. ('అల వైకుంఠపురంబులో' పద్యం కథ నమ్మితే, పోతన లేనప్పుడు వచ్చి ఆయన పుస్తకంలో రాసిపోయింది సాక్షాత్తూ శ్రీరాముడు. పరాయి పుస్తకంలో రాయొద్దని ఇక పిల్లలకేం చెప్తాం?) తాటాకు గ్రంథాల చివర చూసినా ఎత్తి రాసినవాడి గోడే దొరుకుతుంది: చూసింది చూసినట్టు రాశా, తప్పులుంటే నా పాపం కాదు, నడుం వంగింది, మెడ వంగింది, ఇంత కష్టపడి రాసినదాన్ని జాగ్రత్తగా చూసుకోండి అని.

మా తాత భాగవతం ఒకటి ఇంట్లో ఉంది. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉంటుంది. గజేంద్రమోక్షం పేజీ అంచున పెన్సిల్‌తో "మక్కలు – రెండు బస్తాలు – ఇంకా ఇయ్యలే" అని ఉంది. ఎవరివ్వలేదో లేదు. నాలుగు పద్యాలు దాటాక, మొసలి పట్టు వదలని చోట, పద్యం పక్కన నిలువు గీత. ఆ ఏనుగు కష్టం చూసి గీశాడో, బాకీ మనిషి గుర్తొచ్చి గీశాడో అని మా నాన్నా నేనూ ఇప్పటికీ వాదించుకుంటాం. నాన్న భక్తి పక్షం, నేను బస్తాల పక్షం.

మన ఊళ్లో 1904లోనే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే లైబ్రరీ పెట్టారు. తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, ఆ పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. నిజాం కాలంలో తెలుగు పుస్తకం చేత పట్టుకోవడమే ఒక ధైర్యం. అమ్మినాయన పేరు మనకి తెలుసు. కొని, దీపం కింద చదివినవాళ్లు ఏమనుకున్నారు? వాళ్ల డైరీలు, ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు ఎవరి అటక మీదైనా ఉండే ఉంటాయి. మీ కరీంనగర్ ఇల్లు అమ్మకానికి పెడుతున్నామన్నావు కదా, పాత పెట్టెలు కబాడీవాడికి వెయ్యకముందు ఒకసారి విప్పి చూడు. మీ పెదనాయన లైబ్రరీ సభ్యుడని నువ్వే చెప్పావు.

ఇంకో మాట. దసరాకి వచ్చేటప్పుడు నా రెండు పుస్తకాలూ తీసుకురా. కోలరిడ్జ్ అనే ఇంగ్లిష్ కవికి స్నేహితులు కావాలనే పుస్తకాలు అరువిచ్చేవాళ్లు, అంచుల నిండా రాసి తిరిగిస్తాడని. వాటి విలువ మూడింతలవుతుందని ఆయన స్నేహితుడు, రచయిత చార్లెస్ లాంబ్ మురిసిపోయాడు. నువ్వు విలువ పెంచకున్నా పర్లేదు, చాయ్ మరకలు కాకుండా ఏదో ఒకటి రాసి తీసుకురా. నచ్చకపోతే నచ్చలేదనే రాయి. పెన్సిల్‌తో మాత్రమే, పెన్ను వాడావో మర్యాదగా ఉండదు.

అమ్మ నిన్ను సద్దుల బతుకమ్మ నాటికే రమ్మంటోంది. టికెట్ దొరికిందో లేదో చెప్పు, కాజీపేట స్టేషన్‌కి బండి తీసుకుని వస్తా.

నీ
దోస్తు