ఘాజీ ఒక్కటే 1971 కాదు

సంపాదకులకు,

ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం వచ్చిందంటే మన విశాఖలో 1971 భారత్-పాక్ యుద్ధం గురించిన మాటలన్నీ ఈ తీరంలో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరే ఆగిపోతున్నాయి. (అది ఎలా మునిగిందన్నది వేరే చర్చ.) ఆ యుద్ధానికి మూలం ఒక ఎన్నికలో ఉందన్న సంగతి మరుగున పడుతోంది. 1970 డిసెంబరు ఎన్నికల్లో షేక్ ముజిబుర్ రహ్మాన్ నాయకత్వంలోని అవామీ లీగ్ పార్టీ తూర్పు పాకిస్తాన్‌లోని (నేటి బంగ్లాదేశ్) 162 సాధారణ స్థానాల్లో 160 గెలిచి జాతీయ అసెంబ్లీలో స్పష్టమైన మెజారిటీ సాధించినా, సైనిక పాలకుడు యాహ్యాఖాన్ సభను వాయిదా వేసి, 1971 మార్చి 25 రాత్రి ఢాకా ప్రజలపైకి సైన్యాన్ని ఉసిగొల్పారు. దరిదాపు కోటిమంది శరణార్థులు మన దేశానికి తరలివచ్చారు.

అంతర్జాతీయ రాజకీయం మరింత చిక్కుముడి. చైనాతో చెలిమికి పాకిస్తాన్‌ను వారధిగా వాడుకుంటున్న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వం యాహ్యాఖాన్‌ను నొప్పించడానికి ఇష్టపడలేదు. ఆ జులైలో నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్లింది పాకిస్తాన్ మీదుగానే. ఆగస్టు 9న మనం సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకున్నాం. డిసెంబరులో భద్రతామండలి ముందుకొచ్చిన కాల్పుల విరమణ తీర్మానాలను మాస్కో వీటోతో అడ్డుకోగా, వాషింగ్టన్ విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను బంగాళాఖాతం వైపు పంపింది. నా దృష్టిలో ఘాజీ కంటే ఆ నౌక రాకే విశాఖవాసులు ముందుగా తెలుసుకోవలసిన విషయం.

బీచ్ రోడ్డులోని యుద్ధ స్మారకం వద్ద, కురుసుర జలాంతర్గామి మ్యూజియంలో ఈ నేపథ్యాన్ని తెలుగులో వివరంగా తెలిపే ఫలకాలు ఉండేలా సంబంధిత అధికారులు చూడాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, విశాఖపట్నం