రోమన్ల పాఠం సంగతి

చి.ల.సౌ. రమకు,

నాన్న ఆశీర్వదించి రాయునది. మేము క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. మొన్న పెళ్లిలో సుబ్బులు పిన్ని, "రమ టీచరు ఉద్యోగం మానేస్తోందట కదా" అంది. నేనేమీ మాట్లాడలేదు. సరే, అది అలా ఉంచు.

బ్రిటన్‌లో రోమన్ల పాలన ఎందుకు పోయిందో పిల్లలకి ఎలా చెప్పాలని అడిగావు కదా. క్రీ.శ. 410లో రోమన్లు వెళ్లిపోయారని ఒక్క ముక్కలో తేల్చేయకు, అందరూ ఒకేరోజు ఓడెక్కారనుకుంటారు. 383లో మాగ్నస్ మాక్సిమస్, 407లో మూడో కాన్‌స్టంటైన్ అనే సైనిక నాయకులు, రోమన్ చక్రవర్తి సింహాసనం కోసం అక్కడి సైన్యాన్ని గాల్‌కి, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపుకి, తోలుకుపోయారు. 402 తర్వాత బ్రిటన్‌కి కొత్త రోమన్ నాణేలు రావడం దాదాపు ఆగిపోయింది. జీతం రాని సిపాయి ఎన్నాళ్లు కాపలా కాస్తాడు? 409లో జనమే రోమన్ అధికారులను వెళ్లగొట్టారని జోసిమస్ అనే పాతకాలపు చరిత్రకారుడు రాశాడు.

సుత్తి కథతో మొదలుపెట్టు. 1992లో ఇంగ్లండ్‌లోని సఫోక్ జిల్లా హాక్స్‌న్ ఊళ్లో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. స్నేహితుడు మెటల్ డిటెక్టర్ తెచ్చి వెతికితే పెట్టెలో పెట్టి పాతిన, రోమన్ పాలన చివరి రోజుల నాటి బంగారు, వెండి నాణేలు బయటపడ్డాయి. ఆశకొద్దీ అంతా తవ్వేయకుండా అధికారులకు కబురు పెట్టాడు. అందుకే పెట్టెలో ఏది ఎలా సర్దారో పురావస్తు శాఖవాళ్లు చూడగలిగారు. దాదాపు 15 వేల నాణేలు, చెంచాలు, నగలు, మిరియాల పొడి చల్లుకునే వెండి బొమ్మ కూడా. ఆ మిరియాలు మన మలబారు తీరం నుంచి ఓడల్లో వెళ్లేవి, ఇది తప్పకుండా చెప్పు. వెండి నాణేల్లో చాలావాటికి అంచులు కత్తిరించి ఉన్నాయి. కొత్తవి రాక, ఉన్నవాటి నుంచే వెండి తీసుకున్నారు. అది చూపిస్తే పాలన ఎలా సన్నగిల్లిందో వాళ్లకే తెలుస్తుంది. పాతిపెట్టినవాళ్లు తిరిగి రాలేదు, ఎందుకు రాలేకపోయారో పిల్లల్నే అడుగు. సుత్తీ దొరికింది, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. సెలవుల్లో వాళ్లని తీసుకెళ్లి చూపించు.

ఇంత శ్రద్ధగా పాఠం గురించి అడిగినదానివి బడి ఎందుకు మానతావు తల్లీ? పని ఎక్కువైతే హెడ్ టీచర్‌తో నోరు విప్పి చెప్పు. అర్ధరాత్రి దాకా నోట్సులు దిద్దకు. అన్నం వేళకి తిను, బ్రెడ్డుతో సరిపెట్టకు. చలికి చెవులు కప్పుకో.

ఆదివారం ఫోన్ చెయ్యి. మానడం నిజమే అయితే ఆ మాట నువ్వే నాకు చెప్పు, పిన్ని నోటి నుంచి వద్దు.

నాన్న