అందాల వ్యాపారాన్ని ఎండగట్టే నవలలు పిల్లలకు అందాలి

సంపాదకుడు గారికి,

అందం పేరుతో సాగే అమ్మకాలను ఎగతాళి చేసే వ్యంగ్య నవలలు పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు తగవని, బడి గ్రంథాలయాల్లో వాటికి చోటివ్వకూడదని వాదించే పెద్దలున్నారు. అందాల పోటీలు, లిప్‌స్టిక్కులు, కడుపు మాడ్చుకోవడాలు, ప్రేమలు నిండిన పుస్తకం చదివితే పిల్లలు చెడిపోతారని వారి భయం. ఆ వాదనను నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. పుస్తకాన్ని అలమరలోంచి తీసేస్తే ఆ విషయాలు పిల్లల జీవితంలోంచి పోవు. ఫోను తెరిస్తే అవే కనిపిస్తాయి. కాకపోతే అక్కడ వినిపించేది అమ్మేవాడి మాట ఒక్కటే.

ఆ మాటకు ఎంత బలం ఉందో ఫిజీ దీవుల అనుభవం చెబుతుంది. నిండైన శరీరాన్ని మెచ్చుకునే సమాజం అది. అక్కడి ఒక ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. పరిశోధకురాలు ఆన్ బెకర్ ఆ ఏడాదీ, మళ్లీ 1998లోనూ బడి అమ్మాయిలను ప్రశ్నించారు. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునేవారు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్ల తర్వాత 11.3 శాతం మంది ఆ పని చేస్తున్నామన్నారు. అప్పటికి అరచేతిలో తెర లేదు, ముఖాన్ని క్షణంలో మార్చే ఫిల్టర్లూ లేవు.

ప్రభుత్వాలు ఊరికే కూర్చోలేదు. ప్రకటనల్లో మోడల్ ఒంటి తీరును మార్చి చూపిస్తే ఆ సంగతి ఫోటో మీదే రాయాలని ఫ్రాన్స్ 2017లో, దాదాపు అలాంటి నియమాన్నే నార్వే 2022లో అమల్లోకి తెచ్చాయి. మంచిదే. కానీ ఇలాంటి హెచ్చరికల మీద జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం నిరాశే మిగిల్చాయి. ఫోటో నిజం కాదని తెలిసినా, చూసిన అమ్మాయి దానితో తనను పోల్చుకోవడం మానడం లేదు.

మరి ఏది పనిచేస్తుంది? 2016లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం నాకు దారి చూపింది. టెక్సాస్‌లో ఎనిమిదో తరగతి పిల్లల్లో కొందరికి ఆరోగ్యం గురించి మామూలు పాఠం చెప్పారు. మరికొందరికి, చిరుతిళ్ల కంపెనీలు పిల్లలను ఏ ఎత్తులతో లొంగదీసుకుంటున్నాయో విడమరిచి చెప్పారు. ఆ తర్వాత తినడానికి ఏదైనా ఎంచుకోమంటే, ఈ రెండో జట్టు పిల్లలే చిరుతిళ్లను ఎక్కువగా పక్కనపెట్టారు. ఆ వయసు పిల్లలు నీతిబోధ వినరు గానీ, తమను ఎవరో ఆడిస్తున్నారని తెలిస్తే సహించరు.

మంచి వ్యంగ్య నవల చేసే పని సరిగ్గా ఇదే. కథ మధ్యలో, నిజంగా ఎక్కడా లేని ఒక క్రీముకు ప్రకటన వస్తుంది. ముందు లోపం కనిపెట్టి, దానికి పేరు పెట్టి, ఆ తర్వాత మందు అమ్మే వరస అందులో బట్టబయలవుతుంది. దాన్ని చదివి నవ్విన పిల్ల మర్నాడు నిజం ప్రకటనలో అదే వరసను గుర్తుపడుతుంది. రచయిత అతిగా కల్పించాల్సిన అవసరం కూడా లేదు. 2004లో డవ్ పేరుతో ‘నిజమైన అందం’ ప్రచారం మొదలుపెట్టిన యూనిలీవర్ సంస్థే, తెల్లదనాన్ని పేరులోనే పెట్టుకున్న క్రీమును 2020 దాకా ఆ పేరుతోనే అమ్మింది.

ఒక షరతు మాత్రం నేనూ పెడతాను. అలంకరణ ఇష్టపడే అమ్మాయిని తెలివితక్కువదిగా చూపి నవ్వించే పుస్తకం వ్యాపారికే సాయం చేస్తుంది, ఎందుకంటే ఆ పిల్ల సిగ్గే అతని పెట్టుబడి. పోటీలో నిలబడిన అమ్మాయికి కోపం, ఆకలి, స్నేహం, ఆశయం అన్నీ ఉన్నాయని చూపిస్తూ, వెక్కిరింతను ఆమెను నిలబెట్టినవారి మీదికి మళ్లించిన నవలే నిలుస్తుంది. ఎంపిక చేసేవారు చూడాల్సింది ఈ తేడాను. అబ్బాయిల చేతికీ ఇవి అందాలి. కండలు, వాటిని పెంచుతామనే పొడుల డబ్బాల పేరుతో వారి మీదా ఇదే వల పడుతోంది.

ఉపాధ్యాయులు ఇలాంటి నవలను తరగతిలో పక్కన నాలుగు ప్రకటనలు పెట్టుకుని చదివించాలని, ప్రచురణకర్తలు తెలుగులో కొత్తవి రాయించాలని నా విన్నపం. మిమ్మల్నీ ఒకటి అడుగుతున్నాను. సౌందర్య సాధనాల ప్రకటనలకు పత్రికలు పేజీలకు పేజీలు ఇస్తున్నాయి. పుస్తక సమీక్షల పేజీలో కౌమార నవలలకు ప్రతి వారం కొంత చోటు కేటాయించి, వాటికి పిల్లల చేతనే సమీక్ష రాయించండి.

– ఒక పాఠకురాలు